తను నడపలేదు

అల్లుడు సలహా అడిగేసరికే మేస్త్రికి అనుమానం వచ్చింది.

పెళ్ళయిన ఈ నాలుగేళ్ళలో ఆ మనిషి ఈయన్ని ఏదీ అడిగింది లేదు. వచ్చేవాడు, కాఫీ తాగేవాడు, "ఆరోగ్యం ఎలా ఉంది మామయ్యా" అనేవాడు, చెప్పిన జవాబు చివరిదాకా వినేవాడు. అంత మర్యాద మేస్త్రికి గిట్టదు. బొత్తిగా చప్పుడు చెయ్యని పాత గేరుబాక్సు ఎవరైనా తెస్తే, లోపల చిక్కటి ఆయిల్ పోసి మోసం చేశారని ఆయన ముందే కనిపెట్టేస్తాడు. అల్లుడి విషయంలో మాత్రం మూత విప్పి చూసే వీలు ఇంతవరకు దొరకలేదు.

ఆ మంగళవారం పొద్దున తన మెకానిక్ షెడ్డులో బల్ల మీద ఒక గేరుబాక్సు రెండు చెక్కలుగా విప్పి ఉంది. మేస్త్రి, గేరు చప్పుడు లేకుండా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగును గేరు మీద బొటనవేళ్ళతో నొక్కిపెట్టి, రెండింటి సందులోకి పల్చటి కొలత రేకు దూర్చి చూస్తున్నాడు. రేకు దూరలేదు. సందు లేదంటే రింగు అరిగిపోయిందన్నమాట. అరుగుదల చూసి బండివాడి గుణం చెప్పెయ్యగలనని ఆయన ధీమా. రెండో గేరు రింగు అరిగితే కంగారు మనిషి. క్లచ్ ప్లేటు మాడితే, పెడల్ మీంచి కాలు తియ్యడానికి భయపడే మనిషి.

అల్లుడు తన మందుల షాపుకి వెళ్తూ దారిలో ఆగాడు. తెల్ల చొక్కాకి ఏదీ తగలకుండా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"మామయ్యా, మిమ్మల్ని చిన్న సలహా అడగాలి."

మేస్త్రి రేకు కింద పెట్టాడు.

"ఒక స్పోర్ట్స్ కారు ఉందనుకోండి. బాగా పవరున్నది. దానికి మాన్యువల్ మంచిదా, ఆటోమేటిక్ మంచిదా?"

"ఉందనుకోవడం ఎందుకు బాబూ? కొనేదెవరు?"

"మేమే. అంటే, ఇంకా ఆలోచిస్తున్నాం."

మేస్త్రి అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. ఈయనగారు మలుపు కనపడకముందే ఇండికేటర్ వేసే రకం. ఖాళీ రోడ్డు మీద కూడా యాభై దాటడు. ఈయనకి స్పోర్ట్స్ కారేమిటి?

"నడిపేది ఎవరో చూడకండి మామయ్యా. బండికి ఏది న్యాయమో అది చెప్పండి చాలు."

నడిపేవాణ్ణి చూడకుండా బండి సంగతి ఎలా చెప్పడం? అయినా గేరుబాక్సు మాట ఎత్తితే మేస్త్రి నోరు ఆగదు.

"వేగం వరకూ అయితే ఆటోమేటిక్కే. ఒప్పుకోవాలి. మీరు క్లచ్ మీద కాలు పెట్టేలోపు అది రెండు గేర్లు మార్చేస్తుంది. కానీ బాబూ, అంత పవరున్న బండి కొని, ఎప్పుడు ఏ గేరో దాన్నే తేల్చుకోమంటే ఇంక మీరెందుకు? పక్క సీట్లో కూర్చుని కిటికీలోంచి చూస్తే సరిపోదూ! మలుపు ముందు మూడులోంచి రెండుకి దించి, కాలు మెల్లిగా వదుల్తుంటే ఇంజను బండిని పట్టి వెనక్కి గుంజుతుంది. అది అరచేతికి తెలుస్తుంది. డబ్బు పెట్టి కొనేది దాన్నే. మాన్యువలే."

"అయితే మాన్యువలే అంటారు."

"ముప్ఫై ఏళ్ళనుంచి అదే అంటున్నాను."

అల్లుడు నవ్వాడు. ఇంత సంతోషం ఎందుకో మేస్త్రికి బోధపడలేదు. ఇంతలో అతని ఫోను మోగింది. పాత టైర్ల గుట్ట వైపు నడిచి, వీపు తిప్పి, గొంతు తగ్గించాడు. రేకుల షెడ్డులో గొంతు తగ్గించి లాభం లేదని అతనికి తెలియదు.

"ఆఁ, శనివారం వస్తాం... లేదండీ, తను నడపలేదు. అందుకే మాన్యువలే ఉంచండి. ఆటోమేటిక్ వద్దు... ఆఁ, మామయ్యగారు కూడా అదే అన్నారు."

మేస్త్రి చేతిలో సింక్రో రింగు అలాగే ఉండిపోయింది.

తను నడపలేదు. అందుకే మాన్యువలే.

ఆయన కూతురి లైసెన్సు ఆటోమేటిక్ బండ్లకే చెల్లుతుంది. క్లచ్ ఉన్న బండి సీట్లో కూర్చుంటే పోలీసువాడు ఊరుకోడు. అంటే ఈ పెద్దమనిషి పెళ్ళాం ముట్టుకోలేని కారు చూసుకుని మరీ కొంటున్నాడు. పైగా దానికి పిల్ల తండ్రి చేతే ఔననిపించుకున్నాడు. తాళం జేబులో పెట్టుకోవలసిన అవసరం కూడా లేదు, గేరు కర్రే తాళం.

"వస్తాను మామయ్యా. చాలా థాంక్స్" అన్నాడు అల్లుడు.

"మంచిది బాబూ" అన్నాడు మేస్త్రి. అతను వెళ్ళాక రింగు మళ్ళీ కొలవబోయాడు కానీ, కొలత రెండుసార్లు రెండు రకాలుగా వచ్చింది.

ఇంటికి వెళ్ళేసరికి భార్య ఆరిన దుప్పట్లు మడతపెడుతోంది. ఈయన చేతులు కడుక్కున్నాడో లేదో వాసన చూసి, ఒక కొస చేతికిచ్చింది. మేస్త్రి కొసలు పట్టుకుని సంగతంతా చెప్పాడు. ఆమె విన్నట్టే ఉంది. మధ్యలో ఒకసారి పెదవి కొరుక్కుంది.

"ఏమన్నాడో మళ్ళీ చెప్పండి?"

"తను నడపలేదు, అందుకే మాన్యువలే ఉంచండి అన్నాడు. ఈ చెవులతో విన్నాను."

"నడపలేదంటే నడపలేదనేగా. అందులో తప్పేముంది?"

"తప్పు లేదా! దానికి రాదు కాబట్టి ఆ బండే కావాలంటున్నాడు. నీకు అర్థం కావట్లేదు."

"నాకు బాగానే అర్థమైంది. మీరు దుప్పటి లాగకండి, నేల మీద పడుతుంది." ఆమె రెండడుగులు ముందుకొచ్చి ఆయన చేతుల్లోంచి కొసలు తీసుకుంది. "అన్నిట్లోనూ చప్పుళ్ళు వెతుకుతారు మీరు. మనుషులు గేరుబాక్సులు కారు."

"నువ్వు వాణ్ణి వెనకేసుకొస్తున్నావేం?"

"వాడు, వీడు అనకండి. అల్లుడతను." ఆమె దుప్పటి తీసుకుని లోపలికి వెళ్ళింది. లోపల్నుంచి చిన్నగా నవ్విన చప్పుడు వినిపించినట్టయింది. ఇంట్లోవాళ్ళకి కూడా అల్లుడి మందు బాగానే పట్టిందనుకున్నాడు మేస్త్రి.

గురువారం మధ్యాహ్నం ఆయన పన్ను నొప్పి అని సాకు పెట్టుకుని కూతురి దగ్గరికి వెళ్ళాడు. ఆమె పళ్ళ డాక్టరు. రెండు కుర్చీల చిన్న ఆసుపత్రి, సొంతదే. కుర్చీలో వెల్లకిలా పడుకోబెట్టి, మొహం మీదికి దీపం లాగి, "నోరు తెరువు" అంది. నోరు తెరిచాక గానీ మేస్త్రికి తన పొరపాటు తెలిసిరాలేదు. అడగాలని వచ్చింది ఈయన. ఇప్పుడు అడిగే వీలు ఆమెకే ఉంది.

"ఎప్పట్నుంచి నొప్పి? పైనా, కిందా? నిద్ర పడుతోందా?"

"ఆఁ. ఊఁ" అన్నాడు మేస్త్రి.

ఆమె సన్నటి కొక్కెంతో ఒక్కో పన్నూ తాకి చూసింది. గట్టిగా నొక్కలేదు. ఎక్కడ ఆగాలో ఆ చెయ్యికి తెలుసు. ఏ పన్ను దగ్గరా ఆగలేదు కూడా.

"అన్నీ రాళ్ళలా ఉన్నాయి. అసలెందుకొచ్చావ్ నాన్నా?" అని కుర్చీ లేపింది. మాట్లాడుతూనే కుడి పాదంతో ఎడమ పిక్క రుద్దుకుంటోంది.

"కాలికేమైంది?"

"పిక్క పట్టేసింది. నడక ఎక్కువైంది."

"నడకెందుకు? కారేమైంది?"

"ఆయన దగ్గరుంది. రెండు నెలల్నుంచి నేను బస్సులోనే తిరుగుతున్నాలే. నాకు అదే వీలు."

రెండు నెలలు! ఆమె మొహానికి మాస్కు ఉంది, కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

"నువ్వు ఆయనకి మాన్యువలే అని చెప్పావట కదా?"

"చెప్పాను."

"ఎవరు నడిపినా సరే, మాన్యువలే అన్నావా?"

"అలాగే అన్నాననుకో."

ఆమె గబుక్కున అటు తిరిగి ట్రేలో పనిముట్లు సర్దసాగింది. సర్దినవాటినే మళ్ళీ సర్దింది. భుజాలు కొద్దిగా కదిలాయి. కూతురు ఏడుస్తోందని మేస్త్రికి రూఢి అయిపోయింది. ఏమిటమ్మా అని అడగబోయేంతలో ఇంకో పేషెంటు తలుపు తోసుకుని వచ్చాడు.

బయట అల్లుడి కారు ఆగి ఉంది. అతను పక్క కొట్లో ఏదో కొంటున్నాడు. కిటికీ అద్దం దించే ఉంది. మేస్త్రి అటూ ఇటూ చూసి, లోపలికి చెయ్యి పోనిచ్చి డ్రైవరు సీటు జరిగే కింది పట్టాల మీద వేలు రాశాడు. సీటు బాగా వెనక్కి జరిపి ఉంది, అల్లుడి పొడుగు కాళ్ళకి సరిపోయేలా. ముందు పట్టాల్లో దుమ్ము గడ్డకట్టింది. పొట్టిపిల్ల తన కూతురు. ఆమె నడిపి ఉంటే సీటు ముందుకు జరగాలి, దుమ్ము చెదరాలి. చెదరలేదు. నెల దాటి ఉంటుంది ఆమె ఈ సీట్లో కూర్చుని.

ఉన్న ఆటోమేటిక్ బండే ఇవ్వడం లేదు. ఇంక ఆ కొత్తది కూడా వస్తే పిల్ల బతుకంతా బస్సులోనే. మేస్త్రి వేలికంటిన దుమ్ము ప్యాంటుకి తుడుచుకున్నాడు. తన మాట మీదే ఆ బండి వస్తోంది కాబట్టి, తన మాటతోనే ఆపాలని నిశ్చయించుకున్నాడు.

శనివారం షోరూముకి నలుగురూ వెళ్ళారు. కూతురు పల్చటి అడుగున్న బూట్లు వేసుకొచ్చింది. పిక్క నొప్పికి కాబోలు అనుకున్నాడు మేస్త్రి. మేనేజరు ఎదురొచ్చి, రెండు కార్లు పక్కపక్కన నిలబెట్టిన చోటికి తీసుకెళ్ళాడు. రెండూ ఒకే నలుపు, ఒకే ఇంజను. ఒకదాంట్లో మూడు పెడళ్ళు, రెండోదాంట్లో రెండు. తేడా అంతే.

మేస్త్రి మాన్యువల్ కారు తలుపు తీసి, కూర్చోకుండానే వంగి గేరు కర్ర పట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. కర్ర కదిలేది రెండంగుళాలే. ప్రతి గేరూ తనంతట తనే లోపలికి లాక్కుంటోంది. ఇలాంటి పెట్టె తన చేతికి ఇంతవరకు రాలేదు. చెయ్యి ఒప్పేసుకుంది. నోరు ఒప్పుకోకూడదని గట్టిగా చెప్పుకుని తలుపు వేశాడు.

"టెస్ట్ డ్రైవుకి మాన్యువల్ రెడీగా ఉంచామండీ" అని మేనేజరు తాళంచెవి ముందుకు చాపాడు. కూతురు చెయ్యి కూడా కదిలింది.

"ఆగండి" అన్నాడు మేస్త్రి. "ఆటోమేటిక్కే తీసుకోండి."

అందరూ ఆయన వైపు తిరిగారు. భార్య "ఏవండీ" అంది.

"అవును, ముప్ఫై ఏళ్ళూ మాన్యువల్ అన్నాను. ఇప్పుడు కాదంటున్నాను. అది మనిషికంటే వేగంగా మారుస్తుంది. ట్రాఫిక్‌లో కాలు నొప్పుండదు. క్లచ్ ప్లేటు మాడదు. గేరు తప్పు పడి ఇంజను పగిలే భయం లేదు. ఈ రోజుల్లో మాన్యువల్ అనేది వట్టి చాదస్తం." తన గొంతు తనకే పరాయిగా వినపడింది. అల్లుడి కళ్ళలోకి సూటిగా చూశాడు. దొరికిపోయినవాడి మొహం చూడాలని ఆశ. అల్లుడు మాత్రం భార్య వైపు చూస్తున్నాడు.

"మొన్న మాన్యువలే అన్నావు కదా నాన్నా" అంది కూతురు, మెల్లిగా.

"మొన్న అతను నడుపుతాడనుకుని చెప్పాను. ఇంట్లో నువ్వూ నడపాలా వద్దా? నీకు క్లచ్చెందుకమ్మా?"

కూతురి చెయ్యి వెనక్కి వెళ్ళింది. అల్లుడు "మామయ్యా, అసలు విషయం..." అని మొదలుపెట్టబోతే, ఆమె అతని మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"గేరుబాక్సుల సంగతి నాన్నకి తెలిసినంత ఎవరికీ తెలియదు" అంది. తర్వాత మేనేజరుతో, "ఆటోమేటిక్ ఎప్పటికి వస్తుందండీ?" అని అడిగింది.

కాగితాలు వచ్చాయి. కొనేవాళ్ళ పేరు దగ్గర ఆమే సంతకం పెట్టింది. టెస్ట్ డ్రైవు ఎవరూ అడగలేదు. బండి పెళ్ళాం పేరు మీద పెట్టడంలో అల్లుడిది ఏం ఎత్తో అని మేస్త్రి కాసేపు ఆలోచించాడు. ఏదైతేనేం, రెండు పెడళ్ళ బండి వస్తోంది. పిల్ల నడుపుకుంటుంది. ముప్ఫై ఏళ్ళ మాట పదిమందిలో దిగమింగినందుకు ఫలితం దక్కిందని, దారి పొడుగునా ఛాతీ పొంగించుకుని కూర్చున్నాడు. భార్య కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

సోమవారం డ్రైవింగ్ స్కూల్ మేడమ్ తన కారు తెచ్చింది. శిక్షణ బండి. పక్క సీటు ముందు కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. ఆరునెలలకోసారి ఆమె క్లచ్ ప్లేటు మార్పించుకోవలసిందే. నేర్చుకునేవాళ్ళ భయమంతా ఆ ప్లేటు మీదే పడుతుంది.

"మాడు వాసన వీధి చివరికి వస్తోంది మేడమ్" అన్నాడు మేస్త్రి.

"కొత్త బ్యాచ్ మేస్త్రిగారూ. ఏం చెయ్యను? అందరూ మీ అమ్మాయిలా ఉంటారా?"

మేస్త్రి బానెట్ ఎత్తబోతూ ఆగాడు. "మా అమ్మాయా?"

"ఇంక చెప్పేయొచ్చుగా! శనివారం దాకా మీకు చెప్పొద్దంది. కారు బుక్ చేశారటగా?" మేడమ్ సంబరంగా చేతులు తిప్పుతూ చెప్పుకుపోయింది. "రెండు నెలలు, వారానికి మూడు రోజులు, ఆసుపత్రి మూశాక మా స్కూలుకి బస్సులో వచ్చేది. క్లచ్ తొక్కి తొక్కి పిక్క పట్టేసి కుంటుకుంటూ దిగేది. అయినా ఒక్కరోజు మానలేదు. పోయినవారం లైసెన్సు టెస్టు. ఆ ఏటవాలు రోడ్డు మీద ఆపి మళ్ళీ లేపమంటే, బండి వెనక్కి ఒక్క అంగుళం జారలేదు. ఇన్‌స్పెక్టరు ఎవరి అమ్మాయివమ్మా అని అడిగాడు. ఏం చెప్పిందో తెలుసా? క్లచ్ మేస్త్రి కూతుర్నని."

మేడమ్ వెళ్ళిపోయాక మేస్త్రి బానెట్ వదిలేసి, అల్లుడి మాట మళ్ళీ తలుచుకున్నాడు.

తను నడపలేదు. చేతకాదనీ అనుకోవచ్చు, ఇంకా నడిపి చూడలేదనీ అనుకోవచ్చు. ఆ కారు ఆమె ఇంతవరకు నడపలేదు, అందుకే శనివారానికి మాన్యువల్ బండి ఉంచమని చెప్పాడు పాపం ఆ మనిషి. భార్య దుప్పటి మడుస్తూ అదే మాట ఆయన మొహం మీదే అంది. రెండర్థాలూ చెవిలో పడ్డాక, చెడ్డదాన్ని ఏరి పట్టుకున్నది తనే.

ఫోను తీసి ఇంటికి చేశాడు.

"అమ్మాయి క్లచ్ నేర్చుకుంటోందని నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే మీరేమనేవారో శనివారం విన్నాంగా" అని భార్య ఫోను పెట్టేసింది.

మేస్త్రి పనిలోకి దిగాడు. గేరుబాక్సు దించి, మాడిన ప్లేటు ఊడదీసి, అది ఆనుకునే ఫ్లైవీలు మీద వేడికి పడ్డ నీలం మచ్చలు గరుకు కాగితంతో రుద్ది పోగొట్టాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఆయనకి మాత్రం సిగ్గుగా ఉంది. అల్లుడి మీద పడ్డ అనుమానానికి సిగ్గు కొంతే. కూతురు తాళంచెవి కోసం చాపిన చెయ్యి వెనక్కి తీసుకోవడం తను కళ్ళారా చూశాడు. చూసి, గెలిచాననుకున్నాడు.

మంగళవారం మధ్యాహ్నం రమ్మని కబురు చేస్తే కూతురు వచ్చింది. తెల్లకోటు చేతి మీద వేసుకుని, షెడ్డు గుమ్మంలో నిలబడింది. మేస్త్రి స్టూలు తుడిచి ముందుకు జరిపాడు. ఆమె కూర్చోలేదు.

"మేడమ్ చెప్పింది" అన్నాడు.

"ఊఁ."

"నాకు ముందే చెప్పొచ్చు కదమ్మా."

"చెప్తే నాకేది మంచిదో చెప్పేవాడివి. నాకు కావాల్సింది అది కాదు. బండికి ఏది మంచిదో నీ నోటితో వినాలనిపించింది. అందుకే ఆయన్ని పంపాను. మాన్యువలే అన్నావు. గురువారం నువ్వు కుర్చీలో ఉండగా ఎంత నవ్వొచ్చిందో నీకేం తెలుసు? కనపడకుండా అటు తిరిగాను."

మేస్త్రి చేతిగుడ్డ మడిచాడు, విప్పాడు. "నేను వేరేలా అనుకున్నాను. అల్లుడు నీకు బండి ఇవ్వడం లేదనీ, నువ్వు నడపలేని కారు కావాలనే కొంటున్నాడనీ. అందుకే అడ్డం పడ్డాను."

"ఆయనా?" ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "నాన్నా, ఆయనకి క్లచ్ రాదు. ఆయన లైసెన్సు కూడా ఆటోమేటిక్కే. ఆ కారు ఇంట్లో ఉంటే నడపలేనిది ఆయనే. తెలిసే సరేనన్నారు. నీకు ఇష్టమైంది నువ్వు కొనుక్కో, నన్ను పక్కన కూర్చోబెట్టుకో అన్నారు."

మగవాడికి క్లచ్ రాకపోవచ్చన్న ఆలోచనే మేస్త్రికి ఇంతవరకు తట్టలేదు. స్పోర్ట్స్ కారు అనగానే అది అల్లుడిదే అనుకున్నాడు. కాగితం మీద కూతురి సంతకం చూసి కూడా అలాగే అనుకున్నాడు.

"నన్ను నడపనివ్వనిది ఎవరో ఒక్కసారి ఆలోచించు" అంది కూతురు. గొంతు పెంచలేదు. "ఈ షెడ్డులో పెరిగాను. గేరు కర్ర ముట్టుకుంటే చేతులు నల్లబడతాయన్నావు. లైసెన్సుకి వెళ్తే ఆటోమేటిక్ చాలన్నావు. ఎక్కడెక్కడివాళ్ళో నీ దగ్గరికొచ్చి క్లచ్ గురించి అడిగి తెలుసుకుంటారు. నేను వేరేచోట ఫీజు కట్టి నేర్చుకున్నాను."

మేస్త్రి తన దగ్గరున్న ఒక్క మందు బయటికి తీశాడు. "షోరూముకి ఇప్పుడే ఫోన్ చేస్తాను. నాదే పొరపాటని చెప్తాను. మాన్యువల్‌కి మార్పిస్తాను."

"అక్కర్లేదు. ఆదివారమే మార్చేశాను."

"నన్ను అడగలేదే" అన్నాడు మేస్త్రి. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"అడగలేదు" అంది ఆమె. "శనివారం ఇంటికెళ్ళి బాగా ఏడ్చాను. పొద్దున లేచాక, ఇంక నిన్ను అడగనక్కర్లేదనిపించింది. వెళ్ళి ఆ కారు నడిపి చూసి, మార్చుకుని వచ్చాను."

ఆ మాటలో కోపం ఉన్నా బాగుండేది. ఆమె మామూలుగానే చెప్పింది. ముప్ఫై ఏళ్ళు కష్టపడి సంపాదించుకున్న మాట విలువ, అవసరమైన ఒక్క మనిషి దగ్గర పోయింది. ఎవరో కాజేసింది కాదు, ఆయనే పోగొట్టుకున్నాడు. మేస్త్రి బల్ల మీద ఉన్న శిక్షణ కారు తాళంచెవి తీసి ఆమె ముందుకు చాపాడు.

"కొత్త ప్లేటు వేశాను. మేడమ్‌కి ఇచ్చేముందు రోడ్డు మీద తిప్పి చూడాలి. తిప్పుతావా?"

ఆమె తాళంచెవి వైపు చూసింది కానీ తీసుకోలేదు. "నాకు పరీక్షా?"

"నాకు. పని ఎలా చేశానో నువ్వే చెప్పాలి."

ఆమె కోటు స్టూలు మీద పెట్టి తాళంచెవి తీసుకుంది. సీటు ముందుకు జరుపుకుంది, అద్దం సరిచేసుకుంది. మేస్త్రి పక్కన కూర్చున్నాడు. ఆయన కాళ్ళ కింద రెండో క్లచ్చు, రెండో బ్రేకు ఉన్నాయి.

"వాటి మీద కాళ్ళు పెట్టకు" అంది కూతురు.

"పెట్టను."

బండి కదిలింది. షెడ్డు దాటి వీధిలోకి మలుపు తిరుగుతుంటే ఆయన ఎడమ కాలు తనంతట తనే ముందుకు పోయింది. కూతురు ఓరగా చూసింది. మేస్త్రి ఇంక లాభం లేదని బూట్లు విడిచి, రెండు కాళ్ళూ ఎత్తి సీటు మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. ట్రాఫిక్ దీపం దగ్గర పక్క బస్సులోవాళ్ళు ఆయన్ని వింతగా చూశారు. చూడనీ అనుకున్నాడు.

ఏటవాలు రోడ్డు మీద ఆమె ఆపింది, మళ్ళీ లేపింది. మూడులోంచి రెండుకి దించింది. ఆయన చెవులు రిక్కించి తప్పు కోసం విన్నాడు, ఆ గుణం ఒక్కరోజులో పోయేది కాదు. వినిపించలేదు. ఏమైనా మెచ్చుకోవాలని నోరు తెరిచాడు, కానీ ఆమె దాని కోసం ఎదురుచూడటం లేదని అర్థమై మూసుకున్నాడు.

షెడ్డుకి తిరిగొచ్చి ఆమె ఇంజను ఆపకుండా క్లచ్ రెండుసార్లు తొక్కి చూసింది.

"పెడల్ బాగా పైకి వచ్చాక గానీ పట్టుకోవట్లేదు నాన్నా. నేర్చుకునేవాళ్ళకి కష్టం. కొంచెం దించాలి."

కొత్త ప్లేటు మొదట్లో అలాగే ఉంటుంది, నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుంది. కస్టమర్లందరికీ ఆయన చెప్పే మాట అది. నాలుక చివరిదాకా వచ్చింది. మేస్త్రి బూట్లు లేని కాళ్ళతోనే కిందికి దిగి, స్పానర్ తీసుకుని, బానెట్ ఎత్తి క్లచ్ కేబుల్ మీది లాక్‌నట్టు వదులు చేశాడు. ఒక చుట్టు తిప్పాడు.

"ఇప్పుడు చూడు."

ఆమె తొక్కి, మెల్లిగా వదిలింది. "ఇంకొంచెం" అంది.

మేస్త్రి ఇంకొంచెం తిప్పాడు.